మూడువందల గ్రాములు

ఏడో అధ్యాయం నాది.
పోషణ, రక్తహీనత, తల్లీబిడ్డలు,
నలభైరెండు పట్టికలు.
చిత్తూరు కలెక్టరేట్ వెనక బ్లాకులో
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
ఎండిన తోతాపురి టెంక ఒకటి పెట్టుకుని రాసేవాణ్ణి.

ఆ ఏడు అన్ని గీతలూ బుద్ధిగా దిగాయి.
కార్వేటినగరం వైపు ఒక సెక్టారులో మాత్రం
దిగడం కాదు, దూకింది.
బరువు తక్కువ బిడ్డలు నూటికి ఆరు.
డీడీగారు కళ్లజోడు నుదుటికెత్తి
"దీనికో బాక్సు కట్టవయ్యా,
విజయగాథ అని, ఫోటోతో" అన్నారు.

పుత్తూరు బస్సెక్కి మిట్టకండ్రిగలో దిగాను.
జూన్ నెల. వీధిలో తల్లులెవరూ లేరు.
గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రంతా కాయలు కోసి
సొన పడి పొక్కిన చేతులు
పక్కకు దూరంగా పెట్టుకుని నిద్రపోతున్నారు.

అంగన్‌వాడీ గదిలో ఢిల్లీరాణి.
దూలానికి గుండ్రటి కాటా,
దాని కింద బిడ్డల్ని కూర్చోబెట్టే గుడ్డ నిక్కరు,
ఖాళీగా.
ముల్లు సున్నా మీద లేదు.
ఎవరూ లేని నిక్కరు
మూడువందల గ్రాములు తూగుతోంది.

"గాలి బరువు సార్" అందామె, నవ్వకుండా.
"పోయిన గంగజాతర కాడ్నుంచి ఇంతే.
మూడు తూర్లు రాసి పంపించినా.
వచ్చే బడ్జెట్లో చూస్తామన్నారు.
తీసేసి ఎక్కిద్దామంటే
ముల్లు ఫోటో అడుగుతాది ఆ యాప్.
దానికి తీసివేతలు రావు."

బియ్యం డబ్బా వెనక నుంచి
అట్ట ఊడిన నోటుబుక్కు తీసింది.
అన్నీ తీసివేతలే. పెన్సిలుతో, నెలనెలా.
చెంగల్రాయుడు, మూడేళ్లు:
పది కిలోల రెండువందలు,
పోతే మూడువందలు,
తొమ్మిదీ తొమ్మిదివందలు.
ప్రతి అంకె ముందూ
పడుకున్న బిడ్డకు దుప్పటి సర్దినట్టు
చిన్న అడ్డగీత.

చాప మీద కూర్చుని అక్కడే లెక్కేశాను.
ఆరు కాదు.
పంతొమ్మిది.

"ఎవరూ అడగని ఈ బుక్కెందుకమ్మా?"
"గుడ్డుకోసరం సార్.
ఎర్రగీత కింద ఉంటేనే రెండో గుడ్డు.
గవర్నమెంటు బుక్కులో అందురూ గీతపైన్నే ఉండారు.
ఎవురన్నా రాని దినం, మిగిలింది
ఈ బుక్కు జూసి ఇస్తా."
కాసేపాగి అంది:
"రాని బిడ్డలు గూడా ఈ బుక్కులోనే ఉండారు.
అదే ఎట్ట చెయ్యాల్నో తెలీడంలేదు."

ఫోటో తియ్యలేదు.

తిరిగొచ్చి, ఆ ఆరు భుజమ్మీద
చిన్న పద్నాలుగు వేసి, కింద ఫుట్‌నోట్ రాశాను:
"ఈ సెక్టారులో తూకపు యంత్రము
మూడువందల గ్రాములు అధికముగా చూపుచున్నట్లు
గమనించడమైనది."
ఇరవైరెండేళ్ల సర్వీసులో
పాత ఏడాది రిపోర్టు చూడకుండా
నేను రాసిన ఒకే వాక్యం.

డీడీగారు కోప్పడలేదు. టీ తెప్పించారు.
"నిజమేనయ్యా. కానీ ఒక్క తక్కెడ చెడిందంటే
మిగతావి ఎట్టున్నాయని అడుగుతారు."
ఎర్రసిరా మెల్లగా గీశారు,
నొప్పి తెలీకుండా సూది వేసినట్టు.

పుస్తకం అచ్చయి వచ్చింది.
అట్ట మీద ఏ ఊరి బిడ్డో, బుగ్గలతో నవ్వుతోంది.
నూటపదమూడో పేజీ.
ఫుట్‌నోట్ లేదు.
ఆరు భుజమ్మీద పద్నాలుగు మాత్రం
తియ్యడం మర్చిపోయారు.
కిందికి చూడమంటోంది.
కింద తెల్లగా ఉంది.

పైనుంచి ఫోను: "నూటికి ఆరా, ఆరువందల పద్నాలుగా?"
"అచ్చుతప్పండీ" అన్నాను.
అవును, నేనే అన్నాను.
"అయితే సవరణ చీటీ పంపండి."

రాశాను. పేజీ నంబరు వేశాను, సంతకం పెట్టాను.
ఎనిమిది నెలలైంది.
మొన్నొకసారి మళ్లీ అడిగారు.
వెతుకుతున్నానని చెప్పాను.
తోతాపురి టెంక కిందే ఉంది.